హెడ్‌ఫోన్ అభిమానుల బృందంలో తొలి పరిచయం ఎలా చేసుకోవాలి

చెన్నైలో హెడ్‌ఫోన్ల మీద మక్కువ ఉన్న మేము పది పదిహేనుమందిమి నెలకొక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకుంటాము. భోజనాల బల్ల ఖాళీ చేసి దాని మీద హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్ల డబ్బాలు, డాక్‌లు (ఫైలులోని అంకెలను శబ్ద సంకేతంగా మార్చే పరికరాలు), యాంప్‌లు (ఆ సంకేతానికి బలమిచ్చేవి) పరుస్తాము. ఫ్యాను చప్పుడు అడ్డమవుతుందని దాన్ని ఆపేసి, ఉక్కపోతను కొంత ఓర్చుకుంటూ, ఒకరి తరువాత ఒకరం విని మాట్లాడుకుంటాము. ప్రతిసారీ ఒకరో ఇద్దరో కొత్తవారు వస్తారు. కాఫీ గ్లాసు చేతికిచ్చాక వారిని ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "మీరేం వింటారండీ?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవడం ఎలాగో, అందులో ఏయే సంగతులు ఉంటే అక్కడివారు మీకు నిజంగా సాయపడగలరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏడేళ్ల కిందట నేను తొలిసారి అటువంటి ఇంటికి వెళ్ళినప్పుడు నా పేరు, పనిచేసే చోటు, కొత్తగా కొన్న హెడ్‌ఫోన్ పేరు, దాని ధర చెప్పి, దాని గురించి అక్కడా ఇక్కడా చదివిన ప్రశంసలన్నీ వరుసగా అప్పజెప్పాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, రికార్డు ప్లేయర్ల కాలం నుంచీ వింటూ వస్తున్న మనిషి, ఓపికగా అంతా విని, "అది సరే బాబూ, దాంట్లో నీకేం వినబడింది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. బల్ల మీద ఉన్నవాటిలో నా చేతికి ముందు ఏది ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆయనకు ఆ సంగతి కావలసివచ్చింది. ధర చెబితే నా స్తోమత తెలుస్తుంది, బ్రాండు చెబితే నేను ఏ దుకాణానికి వెళ్ళానో తెలుస్తుంది, కానీ నా చెవికి ఏది ఇష్టమో, ఏది బాధో ఆ రెంటిలో దేనివల్లా తెలియదు. తొలి పరిచయం చేయవలసిన పని ఆ సంగతి తెలియజేయడమే.

అందుకని సన్నాహం ఒక వారం ముందే మొదలుపెట్టండి. మీకు ఊపిరితో సహా కంఠతా వచ్చిన రికార్డింగులు మూడు ఎంచుకోండి. ఒకటి గొంతు ప్రధానంగా ఉన్నది, ఒకటి తాళవాద్యం బలంగా ఉన్నది కావాలి. మూడవది మాత్రం మీకు పాట నచ్చి, దాని శబ్దం నచ్చనిది అయి ఉండాలి. ఈ మూడవదాన్ని కొత్తవారెవ్వరూ తీసుకురారు, కానీ అన్నిటికంటె ఎక్కువ పనికివచ్చేది అదే, ఎందుకంటే మనిషికి నచ్చేవి చాలా ఉంటాయి గానీ చెవిని నొప్పించేవి ఒకటి రెండే ఉంటాయి, అవేమిటో తెలిస్తే వినిపించేవారి పని సగం తేలికవుతుంది. ప్రతి రికార్డింగులోనూ మీరు ఎదురుచూసే క్షణం ఏ నిమిషంలో వస్తుందో కాగితం మీద రాసుకోండి. పాటలను ముందుగానే ఫోనులో దింపుకొని వెళ్ళండి; ఆతిథ్యమిచ్చినవారి వైఫై సంకేతపదం అడగడంతో పరిచయం మొదలవడం బాగుండదు. ఫైలు సీడీ నాణ్యతలో ఉంటే చాలు. సెకనుకు 44,100 నమూనాలు, నమూనాకు 16 బిట్లు అన్న ఆ కొలత 1982లో సీడీ బజారుకు వచ్చిననాటి నుంచీ మారలేదు, అంతకంటె పెద్ద ఫైళ్లు తెచ్చినందువల్ల మీ పరిచయానికి ఒనగూరేది ఏమీ లేదు.

తెలుగువారు ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. మన సినిమా పరిశ్రమ హైదరాబాదుకు తరలక ముందు దశాబ్దాల పాటు మన పాటలు ఈ మద్రాసులోనే, వడపళని, కోడంబాక్కం చుట్టుపక్కల ఉన్న స్టూడియోలలోనే రికార్డయ్యాయి. మనలో చాలామందికి ప్రాణప్రదమైన 1950ల, 60ల నాటి పాటలు మోనోలో ఉంటాయి, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం అందుతుంది, హెడ్‌ఫోన్‌లో వింటే గొంతూ వాద్యాలూ అన్నీ తల మధ్యలో ఒకేచోట పోగుపడినట్టు వినిపిస్తాయి. ఈ సంగతి తెలియని ఒక కొత్త మిత్రుడు తన హెడ్‌ఫోన్‌లో సౌండ్‌స్టేజ్, అంటే వాద్యాలు వేర్వేరు చోట్ల పరుచుకున్నట్టు వినిపించే వెడల్పు, బొత్తిగా లేదని బాధపడుతూ వచ్చాడు. అరగంట మాట్లాడాక గానీ ఆయన వినేవన్నీ మోనో పాటలేనని బయటపడలేదు. వేల రూపాయలు పెట్టి ఇంకొకటి కొన్నా ఆయనకు ఆ వెడల్పు దొరికేది కాదు. మీరు పాత పాటలు వినేవారైతే పరిచయంలోనే ఆ మాట చెప్పండి, ఏ దశాబ్దం పాటలో కూడా చెప్పండి. అటువంటి పాటలకు గొంతు వినిపించే మధ్యస్థాయి నిండుగా ఉండి, పాత టేపుల బుస్సుమనే శబ్దాన్ని పైకెత్తకుండా ఉండే హెడ్‌ఫోన్ కావాలి, దాన్ని చేతికందించడానికి అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు.

ఇక విన్నదాన్ని మాటల్లో పెట్టడం. పరిచయంలో అన్నిటికంటె కష్టమైన భాగం ఇదే, అందరూ తడబడేదీ ఇక్కడే. సమీక్షలలో కనిపించే మాటలను అరువు తెచ్చుకొని వాడితే ఎదుటివారికి మీరు చదివినది వినిపిస్తుంది, మీరు విన్నది వినిపించదు. మన భాషలో శబ్దానికి కావలసినన్ని మాటలున్నాయి: గొంతు పల్చగా ఉంది, గరుకుగా ఉంది, నిండుగా ఉంది, ముక్కుతో పాడినట్టుంది, దుప్పటి కప్పినట్టు మూసుకుపోయింది, డప్పు దెబ్బ మొద్దుగా ఉంది, తాళాల మోత చెవిలో గుచ్చుకుంటోంది. ఈ మాటలలో ఏ ఒక్కటి చెప్పినా అనుభవమున్నవారు దాన్ని శబ్దపు స్థాయిలోకి అనువదించుకోగలరు. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల (సెకనుకు అన్ని కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వింటుందని అంటారు. డప్పు మొద్దుగా ఉందంటే కింది 250 హెర్ట్జ్‌ల లోపల ఏదో ఎక్కువైందని, "స", "ష" అక్షరాలు గుచ్చుకుంటున్నాయంటే 5,000 నుంచి 8,000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఏదో ఎత్తుగా ఉందని వారికి వెంటనే తోస్తుంది. ఆ అంకెలు మీరు చెప్పనక్కరలేదు. "ఈ గాయని 'స' పలికినప్పుడల్లా నేను శబ్దం తగ్గిస్తాను" అని చెబితే, అంకెలు తెలిసినవారు మిగతాది చూసుకుంటారు.

కర్ణాటక సంగీతం వినేవారికి ఈ విషయంలో చక్కని ఆధారం ఉంది. మృదంగానికి ఎడమవైపు ముఖం, అంటే తొప్పి, మీద పడిన దెబ్బలోని గుమకి (గుమ్మనే లోతైన నాదం) బాస్, అంటే అడుగుస్థాయి శబ్దం, ఎంత లోతుకు వెళుతోందో, ఎంత త్వరగా ఆగుతోందో చెబుతుంది. తంబురా తీగల కింద గుర్రం మీద పెట్టే దారం వల్ల పుట్టే ఝంకారం పైస్థాయి ఎంత సజీవంగా ఉందో చెబుతుంది. ట్రెబుల్, అంటే ఆ పైస్థాయి, అణిగిన హెడ్‌ఫోన్‌లో ఆ ఝంకారం ఆరిపోయి వట్టి హోరు మిగులుతుంది. ఘటం మీద వేలి చివర్ల దెబ్బ, మోర్సింగు టంకారం కూడా ఇటువంటి పరీక్షలే. డిసెంబరు, జనవరిలలో చెన్నైలో జరిగే మార్గళి కచేరీలకు వెళ్ళే అలవాటు మీకుంటే పరిచయంలో తప్పక చెప్పండి, కానీ ఎక్కడ ఎలా విన్నారో కూడా చెప్పండి. మ్యూజిక్ అకాడమీ వంటి పెద్ద సభలలో మనకు అందేది మైకుల ద్వారా, స్పీకర్ల ద్వారా వచ్చిన శబ్దం. ఇంట్లో అక్కో, మేనత్తో వీణ వాయిస్తుంటే పక్కన కూర్చొని విన్న అనుభవం ఉంటే అది వేరే రకం ఆధారం, హెడ్‌ఫోన్‌ను తూచడానికి అది చాలా విలువైనది. నేను మూడవసారి వెళ్ళినప్పుడు ఆ పెద్దాయనతో, నా హెడ్‌ఫోన్‌లో తొప్పి దెబ్బ గుమ్మని మొదలై ఆగవలసిన చోట ఆగడం లేదని, దాని వెనుక గొంతు మునిగిపోతోందని చెప్పగలిగాను. ఆ ఒక్క వాక్యంతో మా ఇద్దరి మధ్య సంభాషణ రెండు గంటలు సాగింది.

తరువాత మీ సామగ్రి సంగతి. దీన్ని క్లుప్తంగా, కానీ పూర్తిగా చెప్పాలి. బ్రాండు పేరు ఒక్కటే చెబితే చాలదు, మోడల్ పేరు చెప్పినా ఒక్కోసారి చాలదు. ఉదాహరణకు బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అనే హెడ్‌ఫోన్ 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. ఓమ్ అన్నది ఇంపీడెన్స్‌కు, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే అడ్డుకు, కొలత. మూడింటి రూపమూ దాదాపు ఒక్కటే, కానీ ఫోనుకు నేరుగా తగిలిస్తే 250 ఓమ్‌లది నీరసంగా వినిపించవచ్చు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హెచ్‌డీ 650 రెండూ 300 ఓమ్‌లవి. సాధారణంగా ఇంపీడెన్స్ ఎక్కువైన కొద్దీ అదే శబ్దానికి ఎక్కువ వోల్టేజీ కావలసివస్తుంది, కాబట్టి "శబ్దం చాలడం లేదు" అని మీరు చెప్పినప్పుడు ఆ లోపం హెడ్‌ఫోన్‌దా, దాన్ని నడిపేదానిదా అన్నది తేలాలంటే ఓమ్‌లు తెలియాలి, ఏ ఫోను, ఏ డాంగిల్ (ఫోనుకు తగిలించే బుల్లి డాక్), ఏ యాంప్ అన్నదీ తెలియాలి. బ్లూటూత్‌తో వినేవారు ఏ ఫోను వాడుతున్నారో తప్పక చెప్పాలి. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతులలో ఒకటైన ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదని డబ్బా మీద ఘనంగా రాసి ఉంటుంది గానీ, ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేదు. ఆ ఫోనుతో వినేవారు ఎంత ఖరీదైన ఎల్‌డాక్ హెడ్‌ఫోన్ కొన్నా అది ఏఏసీ అనే మరో పద్ధతితోనే పనిచేస్తుంది. ఇటువంటి చిక్కులు మీరే విప్పుకొని రానక్కరలేదు, విప్పగలిగేవారికి ముడి ఎక్కడుందో చూపిస్తే చాలు.

ఎక్కడ వింటారన్నది కూడా సామగ్రిలో భాగమే. పాత మహాబలిపురం రోడ్డు మీద కంపెనీ బస్సులో రోజుకు రెండు గంటలు వినే మనిషికి వెనుకభాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ ఎంత గొప్పదైనా పనికిరాదు, ఎందుకంటే బయటి రొద లోపలికీ, లోపలి పాట పక్క సీటుకూ వెళుతుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒంటరిగా గదిలో వినేవారికి అదే హెడ్‌ఫోన్ వరం.

మీ తల గురించీ చెవుల గురించీ చెప్పడానికి మొహమాటపడకండి. కళ్ళజోడు పెట్టుకునేవారికి దాని కాడలు ఇయర్‌ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య సందు చేస్తాయి, ఆ సందులోంచి బాస్ జారిపోతుంది. అదే హెడ్‌ఫోన్ కళ్ళజోడు లేనివారికి ఎంతో నిండుగా వినిపిస్తుంది, ఇద్దరూ నిజమే చెబుతారు, ఒకరి మాట ఒకరు నమ్మరు. ఒత్తైన జడ, చెవికి పెద్ద దుద్దులు ఉన్నా ఇదే జరుగుతుంది. ఇయర్‌ఫోన్ల విషయంలో చెవి రంధ్రం కొలతే సర్వస్వం. సరైన టిప్ (చెవిలోకి వెళ్ళే మెత్తని తొడుగు) దొరకక పల్చగా వినిపించిన ఇయర్‌ఫోన్‌ను పనికిరానిదని పక్కన పడేసినవారిని నేను చాలామందిని చూశాను. కుడి చెవికి ఒక కొలత, ఎడమ చెవికి ఒక కొలత టిప్ కావలసినవారూ ఉంటారు. వయసు పెరిగిన కొద్దీ పైస్థాయి శబ్దాలు మెల్లగా వినబడకుండా పోవడం సహజం. యాభై దాటినవారు ఆ మాట చెబితే, పాతికేళ్ల కుర్రవాడికి గుచ్చుకున్న హెడ్‌ఫోన్ వారికి ఎందుకు హాయిగా ఉందో అందరికీ అర్థమవుతుంది. చెవిలో గుయ్‌మనే మోత ఉన్నవారు ముందుగానే చెప్పాలి, అప్పుడు వారికి వినిపించేవారు శబ్దం తగ్గించి ఇస్తారు. ఎంతసేపు, ఎంత గట్టిగా వింటారో అడిగితే నిజమే చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెళ్ల వద్ద. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ఆ సమయం సగానికి పడిపోతుంది. బస్సు రొదను మించి వినాలని శబ్దం పెంచేవారికి ఈ లెక్క చాలా త్వరగా దాటిపోతుంది, అటువంటివారికి మంచి యాంప్ కంటె ముందు రొదను బాగా ఆపే ఇయర్‌ఫోన్ ఇప్పించాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఆదివారం కలుసుకుంటాము కాబట్టి ఇంకొక మాట. తలంటుకోబోయే ముందు నూనె పెట్టుకొని, ఆ తలతోనే రాకండి. వెల్వెట్ ప్యాడ్‌లలోకి ఇంకిన కొబ్బరినూనె పూర్తిగా వదలదు, తోలు వంటి కృత్రిమ ప్యాడ్‌లు చెన్నై చెమటకూ తేమకూ ముందే పొరలు పొరలుగా ఊడిపోతూ ఉంటాయి. శుభ్రంగా తలస్నానం చేసి, జుట్టు ఆరాక రండి. చెవిలో పెట్టుకునేవి వినదలచుకుంటే మీ సొంత టిప్‌లు ఒక చిన్న డబ్బాలో తెచ్చుకోండి, స్పిరిట్ తడిపిన తుడుపుగుడ్డలు నాలుగు జేబులో ఉంచుకోండి. అడగకుండానే వాటిని బయటికి తీసిన కొత్తవారిని చూస్తే, దాచి ఉంచిన ఇయర్‌ఫోన్ల డబ్బాలు వాటంతట అవే తెరుచుకుంటాయి.

మాట తీరు విషయానికి వస్తే, మన బృందంలో తెలుగువారూ తమిళులూ కలిసే ఉంటారు. ఇద్దరు తెలుగువాళ్లు తారసపడగానే "మీదే ఊరండీ?" అన్న ప్రశ్న రాక మానదు, ఊరి తరువాత చుట్టరికాలు, చదివిన కాలేజీ వస్తాయి. అదంతా ఆప్యాయతే, దాన్ని వద్దనుకోనక్కరలేదు, కానీ పక్కనే నిలబడిన తమిళ మిత్రుడికి అర్థంకాని భాషలో పావుగంట మాట్లాడితే ఆయన చేతిలోని హెడ్‌ఫోన్ మీదాకా రాదు. ఊరు ఒక్క మాటలో చెప్పి, పరిచయాన్ని అందరికీ తెలిసే భాషలో కొనసాగించండి. వయసులో పెద్దవారిని "గారు" అని, తమిళులైతే "సార్" అని పిలవండి. ఒకటి రెండుసార్లు కలిశాక "అన్నా", "అణ్ణా" అన్నవి వాటంతట అవే వస్తాయి. వయసులో మీకంటె చిన్నవారైనా తొలిరోజున "మీరు" అనే అనండి. బల్ల మీద ఉన్న అత్యంత మంచి హెడ్‌ఫోన్ ఆ గదిలోకెల్లా చిన్నవాడిది కావచ్చు, అంతకంటె ముఖ్యంగా, అందరికంటె శ్రద్ధగా వినేది కూడా అతనే కావచ్చు.

ఇవన్నీ కలిపితే పరిచయం ఇలా ఉండవచ్చు. "నమస్కారమండీ, నా పేరు ఫలానా. మాది నెల్లూరు, ఇప్పుడు పెరుంగుడిలో ఉంటున్నాను. ఎక్కువగా పాత సినిమా పాటలు, కొంత వీణ వింటాను. పొద్దున బస్సులో గంట, రాత్రి ఇంట్లో గంట. నా దగ్గర డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది ఉంది, ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించి వింటాను. గంభీరంగా ఉండే గొంతులు దాంట్లో బాగుంటాయి, కానీ ఆడవాళ్ల గొంతు పైస్థాయికి వెళితే చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. నేను కళ్ళజోడు పెట్టుకుంటాను. రాత్రి వినడానికి ఇంకొంచెం మెత్తగా ఉండేది ఏదైనా ఉందేమో వినాలని వచ్చాను. నా పాటలు మూడు ఫోనులో తెచ్చుకున్నాను." ఇది చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టదు. కానీ ఇది విన్నాక గదిలో ఉన్నవారిలో ఒకరు ఆ హెడ్‌ఫోన్ ట్రెబుల్ అక్కడ ఎత్తుగానే ఉంటుందని ధైర్యం చెబుతారు, ఇంకొకరు ఈక్వలైజర్‌లో దాన్ని కొంచెం తగ్గించి చూడమంటారు, మూడవవారు అప్పటికే హెచ్‌డీ 650 చేతిలోకి తీసుకొని ఉంటారు. ఆ నిమిషంలో ధర ప్రసక్తి రాలేదని గమనించండి. ఖర్చుపెట్టగలిగినది ఎంతో ఎవరైనా అడిగినప్పుడు దాపరికం లేకుండా చెప్పండి, అడగకముందే చెబితే సలహాలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి.

చెప్పడం అయ్యాక వినడం మొదలవుతుంది, అది కూడా పరిచయంలో భాగమే, ఎందుకంటే మీ చేతులను కూడా అక్కడివారు గమనిస్తుంటారు. ఎవరిదో తెలుసుకోకుండా, అడగకుండా ఏదీ ఎత్తకండి. ఎత్తినప్పుడు బ్యాండు రెండు చేతులతో పట్టుకొని ఎత్తండి; వైరు ఊడదీసేటప్పుడు ప్లగ్గు పట్టుకొని తీయండి, తీగ పట్టుకొని లాగకండి. తలకు పెట్టుకోకముందే యాంప్ శబ్దం అడుగుకు తిప్పి, తరువాత మెల్లగా పెంచుకోండి. మీకంటె ముందు విన్నవారు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కోసం పెంచి ఉంచిన శబ్దంలోకి సున్నితమైన ఇయర్‌ఫోన్ తగిలిస్తే చెవికీ ప్రమాదం, ఇయర్‌ఫోన్‌కూ ప్రమాదం. వాల్వ్ యాంప్‌ల గాజుబుడ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. అధిక వోల్టేజీతో పనిచేసే ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు ఉన్న రోజున వాటిని సొంతదారే తగిలించి ఇచ్చేదాకా ఆగండి. వాటిని తయారుచేసే స్టాక్స్ వారి ప్రో శ్రేణికి, లోపలి పల్చని పొరకు నిలకడగా ఇచ్చే బయాస్ వోల్టేజీ 580 వోల్టులు, వాటిని మామూలు యాంప్‌కు తగిలించడానికీ వీలుండదు, తడిచేతులతో వాటి దగ్గరకు వెళ్ళడమూ మంచిది కాదు.

రెండింటిని పోల్చి తీర్పు చెప్పాలన్న ఆత్రం తొలిరోజున అందరికీ ఉంటుంది. ఇక్కడ నిగ్రహం కావాలి. రెండు హెడ్‌ఫోన్లలో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగుందని చెవి అనుకుంటుంది, పైగా శబ్దం తగ్గితే బాస్ మిగతా స్థాయిలకంటె త్వరగా పల్చబడినట్టు వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఈ సంగతిని కొలిచి 1933లోనే ప్రకటించారు. కాబట్టి "ఇది అది కంటె బాగుంది" అనే బదులు "శబ్దం సమానం చేయలేదు గానీ, దీంట్లో వీణ మీటు స్పష్టంగా ఉంది" అని చెబితే మీ మాటకు విలువ పెరుగుతుంది. అభిరుచుల గురించి వాదన లేచినప్పుడు కొందరు హర్మన్ వక్రరేఖ (ఏ స్థాయి శబ్దం ఎంత ఎత్తుగా ఉంటే బాగుంటుందో చూపే గీత) పేరెత్తుతారు. షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ తదితరులు 2010ల తొలి సంవత్సరాలలో హర్మన్ సంస్థలో చేసిన శ్రవణ పరీక్షలలో ఎక్కువమంది శ్రోతలు దాదాపు ఒకే తరహా శబ్దాన్ని ఇష్టపడ్డారు, ఆ పరీక్షల నుంచి వచ్చినదే ఆ రేఖ. ఎక్కువమందికి నచ్చినది మీకు నచ్చకపోవచ్చు, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మీకు ఎక్కడ తేడా అనిపించిందో చెబితే అదే మీ పరిచయానికి కొనసాగింపు. వైర్లు మారిస్తే శబ్దం మారుతుందా, కొత్త హెడ్‌ఫోన్‌ను వంద గంటలు మోగిస్తే మెరుగుపడుతుందా అన్న వాదాలలోకి మాత్రం తొలిరోజున దిగకండి. వాటిమీద ఏళ్ల తరబడి స్నేహంగా తగువులాడుకునేవారు అక్కడ ముందే ఉన్నారు, మీ మధ్యాహ్నం వాటికి బలికానక్కరలేదు.

తొలిరోజునే అమ్మకాలు, కొనుగోళ్లు ఎత్తవద్దు. ఎవరైనా తమది అమ్ముతామన్నా "ఇంకొకసారి విని చెబుతానండీ" అనండి. ఇంటికి తీసుకెళ్ళి వినమని ఎవరైనా ఇస్తే, ఏ రోజున తిరిగి ఇస్తారో అక్కడే చెప్పి, ఆ రోజుకు ఒకరోజు ముందే ఇవ్వండి. ఈ విషయంలో ఒక చేదు అనుభవం నాకుంది. నా దగ్గర వారానికని తీసుకెళ్ళిన ఇయర్‌ఫోన్ మూడు నెలలకు తిరిగి వచ్చింది, ఒకవైపు పని చేయడం లేదు, ఆ సంగతి ఇచ్చేటప్పుడు చెప్పలేదు. వైరు విరగడం పెద్ద నేరం కాదు, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు వెళితే కొత్త ప్లగ్గు దొరుకుతుంది, టంకం వేయించుకోవచ్చు. చెప్పకపోవడం వల్ల ఆ తరువాత రెండేళ్లు నేను కొత్తవారెవరికీ ఏదీ ఇవ్వలేకపోయాను, ఆ నష్టం నిజాయితీగా వచ్చిన మరికొందరికి కలిగింది.

ఇంటికి చేరాక, ఆ రాత్రో మరునాడో, మీకు వినిపించినవారికి ఒక సందేశం పంపండి. ధన్యవాదాలతో పాటు ఒక పరిశీలన కూడా అందులో ఉండాలి: మీ హెచ్‌డీ 650లో ఆ పాట రెండవ చరణంలో వయొలిన్లు రెండు వేర్వేరుగా వినిపించాయి, నా దాంట్లో మళ్లీ వింటే ఒకటిగానే ఉన్నాయి, అన్నంత వివరంగా. మీ మూడు రికార్డింగుల కాగితాన్ని పారేయకుండా, ఏ హెడ్‌ఫోన్‌లో ఏమి వినబడిందో దాని వెనుక రాసి దాచుకోండి. వచ్చే నెల మళ్లీ వెళ్ళినప్పుడు ఆ కాగితం జేబులో ఉండనివ్వండి, ఆ రోజున బల్ల దగ్గర బెరుగ్గా నిలబడిన మరొక కొత్తవారు కనిపిస్తే, పక్కకు జరిగి కుర్చీ చూపించి, వారేం వింటారో మీరే అడగండి.